సి.ఎన్.సి. యంత్రంపై పట్టు: మాడ్యులర్ వైస్‌ల ఎంపిక, వాడకం

మహారాష్ట్రలోని ఠాణే జిల్లా భివండీ పట్టణం, అందులోని ధామన్కర్ నాకా, పద్మనగర్ ప్రాంతాల పేర్లు తెలంగాణ చేనేత కుటుంబాలకు కొత్తవి కావు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వెళ్ళిన పద్మశాలీలు అక్కడి మరమగ్గాల మీద బతుకు నిలబెట్టుకున్నారు. సాంచాల చప్పుడు ఉన్నచోట సాంచాల మరమ్మతు కూడా ఉంటుంది. అరిగిన పళ్ళచక్రం, విరిగిన బ్రాకెట్, వంగిన షాఫ్టు, బ్రేకు చెప్పు వంటి విడిభాగాలు లేనిదే మగ్గం ఒక్క రోజు కూడా నడవదు. ఒకప్పుడు వీటిని లేతు మీద, ఆకురాయి మీద చేత్తో సరిచేసేవారు. ఇప్పుడు అదే పని సి.ఎన్.సి. యంత్రాల వైపు మళ్ళుతున్నది. మగ్గం పనిలో ఆదాయం తగ్గి, పిల్లలను ఐ.టి.ఐ.లో చేర్పించి యంత్రపు పనికి పంపుతున్న సరిహద్దు పల్లెల కుటుంబాలకు, చిన్న వర్క్‌షాపు పెట్టుకోవాలనే ఆలోచన ఉన్నవారికి ఈ వ్యాసం ఉద్దేశించబడింది.

యంత్రం కొనేటప్పుడు అందరూ స్పిండిల్ వేగం, టేబుల్ పొడవు, కంట్రోలర్ పేరు అడుగుతారు. వైస్ సంగతి చివరి రోజున, మిగిలిన డబ్బుతో తేల్చేస్తారు. ఇది తలకిందుల పద్ధతి. లక్షలు పోసి కొన్న వి.ఎం.సి. అయినా, దాని మీద భాగాన్ని పట్టుకున్న వైస్ ఎంత గట్టిదో అంత పనే చేయగలదు. పట్టు జారితే చెడిపోయేది ఆ ముక్క ఒక్కటే కాదు. కట్టర్ విరుగుతుంది, స్పిండిల్ బేరింగ్ దెబ్బతింటుంది, తలుపు తెరిచి ఉంటే మనిషికి ప్రాణాపాయం కూడా.

హిందీ మాట్లాడే కార్ఖానాలలో వైస్‌ను బాంక్ అని కూడా అంటారు. కొత్తగా చేరిన తెలుగు కుర్రవాడు ‘బాంక్ సాఫ్ కరో’ అన్న మాట విని తికమకపడితే ఆశ్చర్యం లేదు.

మాడ్యులర్ అనగా ఏమిటి?

సాధారణ మిల్లింగ్ వైస్ ఒకే ముద్ద. ఒక స్థిర దవడ, ఒక కదిలే దవడ, మధ్యలో స్క్రూ. మాడ్యులర్ వైస్‌లో ఈ అంగాలు విడివిడిగా ఉంటాయి. అడుగు పీఠం వేరు, దానిపై దవడ దిమ్మెలు వేరు, దిమ్మెలకు బిగించే దవడ పలకలు వేరు. భాగం మారినప్పుడు వైస్ మొత్తాన్ని దించకుండా పలకలు మార్చుకోవచ్చు, దిమ్మెలను దగ్గరకు లేదా దూరంగా జరుపుకోవచ్చు, ఒకే పీఠం మీద రెండు మూడు ముక్కలను కూర్చోబెట్టవచ్చు. ఇళ్ళలో ఒకే పొయ్యి మీద గిన్నె మార్చి వండుకున్నట్టే.

వీటిలో ప్రధానంగా నాలుగు రకాలు కనిపిస్తాయి. మొదటిది ఒంటి దవడ కదిలే మామూలు రకం. ఇందులో స్థిర దవడ కొలతకు ఆధారం. రెండవది జంట వైస్. మధ్యలో స్థిర దిమ్మె ఉండి, రెండు కొసల దవడలు దానివైపు కదులుతాయి. ఒకేసారి రెండు ముక్కలు పట్టుతాయి. మంచి జంట వైస్‌లో ఒక పక్క ముక్కను ముందుగా నిలిపి ఉంచే ఏర్పాటు ఉంటుంది, లేకపోతే రెండో ముక్క పెట్టేలోపు మొదటిది జారి పడుతుంది. మూడవది స్వయం కేంద్రిత వైస్. ఒకే స్క్రూకు సగం కుడి మర, సగం ఎడమ మర ఉండటం వల్ల రెండు దవడలూ సమానంగా మధ్యకు వస్తాయి. ముడి ముక్క వెడల్పులో 1 మి.మీ. తేడా ఉంటే ఆ తేడా రెండు పక్కలకూ సగం సగం పంచబడుతుంది గనుక నడిమి రేఖ మారదు. అయిదు అక్షాల యంత్రాలకు ఇది అనువైనది. నాలుగవది జీరో పాయింట్ పీఠం. ఇది నిజానికి వైస్ కాదు, వైస్ కింద ఉండే పలక. వైస్ అడుగున ఉన్న గుబ్బలు పలకలోని రంధ్రాలలో కూర్చుని ఒక్క తిప్పుతో బిగుసుకుంటాయి. జర్మనీకి చెందిన లాంగ్ సంస్థ 52 మి.మీ., 96 మి.మీ. దూరాల గుబ్బల అమరికను ప్రచారంలోకి తెచ్చింది, తరువాత మరికొందరు తయారీదారులు కూడా ఆ కొలతలనే అనుసరించారు. వైస్ తీసి మళ్ళీ పెట్టినా 0.005 మి.మీ. లోపు అదే చోట కూర్చుంటుందని ఇటువంటి పీఠాలకు తయారీదారులు చెప్పే కొలత.

ఎవరికి ఏది?

ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. ప్రదర్శనలో చూసిన జీరో పాయింట్ పీఠం అందంగా ఉంటుంది, కానీ మూడు నెలల పాటు ఒకే బ్రాకెట్ చేసే షాపుకు దానితో పని లేదు. లెక్క వేసుకోవాలి. మామూలు వైస్ దించి, మరొకటి ఎక్కించి, డయల్ పట్టి సరిచేయడానికి అరగంట పడుతుందనుకుందాం. పీఠం మీద అదే పని 5 నిమిషాలలో అవుతుంది. రోజుకు నాలుగుసార్లు పని మారే షాపులో 100 నిమిషాలు మిగులుతాయి. నెలకు ఒకసారి మారే షాపులో మిగిలేది 25 నిమిషాలే.

జంట వైస్‌కు కూడా ఇటువంటి లెక్కే. ఒక భాగానికి ఆరు టూల్స్ అవసరమై, ఒక్కో టూల్ మార్పుకు 8 సెకన్లు పడితే ముక్కకు 48 సెకన్లు టూల్ మార్పులకే పోతాయి. రెండు ముక్కలు ఒకేసారి పెడితే ఆ 48 సెకన్లు ఇద్దరూ పంచుకున్నట్టు, ముక్కకు 24 సెకన్లు. 200 ముక్కల ఆర్డరులో 80 నిమిషాల ఆదా. పైగా తలుపు తెరిచి మూసే సార్లు సగానికి తగ్గుతాయి. ఆ సమయంలో యంత్రం దగ్గర ఉన్న మనిషి ముందు ముక్కల అంచుల గరుకు తీసుకోవచ్చు.

మగ్గాల విడిభాగాలు చేసే చిన్న షాపుకు తొలి కొనుగోలుగా 150 మి.మీ. అంటే ఆరు అంగుళాల దవడ వెడల్పున్న మంచి మామూలు వైస్ ఒకటి, లేదా ఒకే ఎత్తున్నవి రెండు, సరిపోతాయి. పొడవైన కడ్డీలు, పట్టీలు పట్టడానికి రెండు వైస్‌లు పక్కపక్కన పెట్టుకోవచ్చు. అందుకే కొనేటప్పుడే జత చేసిన వైస్‌లు, అనగా పడక ఎత్తు సమానంగా రుబ్బినవి, అడిగి తీసుకోవడం మేలు. తరువాత విడిగా కొన్నది మొదటిదానితో కలవకపోవచ్చు.

కొనేముందు యంత్రం టేబుల్ గాడి వెడల్పు కొలవాలి. చిన్న యంత్రాలలో 14 మి.మీ., 18 మి.మీ. గాళ్ళు సాధారణం. వైస్ అడుగున ఉండే కీ ఆ గాడికి సరిగ్గా ఇమడాలి. ఎత్తు కూడా కూడి చూసుకోవాలి. పీఠం 40, వైస్ 100, ముక్క 60 మి.మీ. అయితే టేబుల్ నుంచి 200 మి.మీ. అయిపోయింది. దానిపైన హోల్డరుతో సహా పొడవాటి డ్రిల్ 200 మి.మీ. ఉంటే 400. డ్రిల్ ముక్క నుంచి పైకి లేవడానికి ఇంకా చోటు కావాలి. Z అక్షం చిన్నదైన యంత్రంలో జీరో పాయింట్ పీఠం పెట్టాక డ్రిల్ చేయడానికే చోటు చాలని పరిస్థితి వస్తుంది. ఈ కూడిక కాగితం మీద వేసుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

దవడ పలకల బోల్టుల దూరం మరొక ముఖ్యమైన కొలత. అమెరికా పద్ధతి ఆరు అంగుళాల వైస్‌లలో రెండు బోల్టుల మధ్య 3.875 అంగుళాలు, అంటే సుమారు 98.4 మి.మీ. ఉంటుంది. ఆ కొలతకు సిద్ధంగా ఉన్న పలకలు బజారులో దొరుకుతాయి. వైస్ కొలత వేరైతే ప్రతి పలకా సొంతంగా చేసుకోవలసి వస్తుంది. అది తప్పేమీ కాదు, తెలిసి కొనాలి అంతే.

బిగింపు లెక్క

‘గట్టిగా బిగించు’ అనే మాటకు యంత్రపు పనిలో అర్థం లేదు. ఎంత గట్టిగా అనేది సంఖ్యలో ఉండాలి. బిగింపు బలాన్ని కిలోన్యూటన్లలో చెబుతారు. ఒక కిలోన్యూటన్ అంటే దాదాపు 100 కిలోల బరువు. 25 కిలోన్యూటన్ల పట్టు అంటే యాభై కిలోల బియ్యం బస్తాలు యాభై ఒకదానిపై ఒకటి పేర్చినంత ఒత్తిడి.

నునుపైన ఉక్కు దవడల మధ్య కూలెంట్ తడితో ఉన్న ముక్కకు ఘర్షణ గుణకం 0.15 అనుకుందాం. వైస్ 20 కిలోన్యూటన్లతో బిగిస్తే, రెండు దవడల ఘర్షణ కలిపి 20 × 0.15 × 2, అంటే 6 కిలోన్యూటన్లు. దవడల వెంబడి ముక్కను జరపాలంటే అంత బలం కావాలి. 20 మి.మీ. ఎండ్ మిల్‌తో ముతక కోత కోసేటప్పుడు 2 కిలోన్యూటన్ల బలం పడిందనుకుంటే మూడు రెట్ల భద్రత ఉన్నట్టు. అదే అలసటలోనో తొందరలోనో చేత్తో సగం బిగించి 5 కిలోన్యూటన్లకే ఆపితే ఘర్షణ 1.5 మాత్రమే. కోత బలం దానికంటే ఎక్కువ. ముక్క జారడం అక్కడ దురదృష్టం కాదు, లెక్క. ఎండ్ మిల్ మెలిక ముక్కను పైకి కూడా లాగుతుందని గుర్తుంచుకోవాలి.

స్క్రూ ద్వారా బలం ఎంత వస్తుందో కూడా చూద్దాం. స్క్రూ ఒక చుట్టుకు 5 మి.మీ. ముందుకు కదిలేదైతే, 50 న్యూటన్ మీటర్ల టార్క్‌తో తిప్పినప్పుడు ఘర్షణే లేకపోతే దాదాపు 63 కిలోన్యూటన్లు రావాలి. వాస్తవంలో స్క్రూ మరలలోని ఘర్షణ సగానికి పైగా తినేస్తుంది. మిగిలేది 20, 25 కిలోన్యూటన్లు. గ్రీజు ఎండి, లోహపు రజను చేరిన స్క్రూలో ఇంకా తక్కువ. చేతికి మాత్రం అదే బిగువు తెలుస్తుంది. శుభ్రం చేయని వైస్ మనిషిని మోసం చేసేది ఇక్కడే. కనుక వైస్‌తో పాటు టార్క్ రెంచ్ కొనడం ఖర్చు కాదు. తయారీదారు ఇచ్చే పట్టికలో ఎంత టార్క్‌కు ఎంత బలమో రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని యంత్రం తలుపుకు అంటించి ఉంచాలి. హ్యాండిల్‌కు పైపు తొడిగి లాగడం, సుత్తితో కొట్టడం రెండూ వైస్ ఆయుష్షును తగ్గించే అలవాట్లు.

బలం ఎక్కువైనా చిక్కే. పలుచని పట్టీని గట్టిగా నొక్కితే విల్లులా వంగుతుంది. వంగిన స్థితిలో పైభాగం చదునుగా కోస్తాం. వదలగానే పట్టీ నిటారై, కోసిన ముఖం పల్లమవుతుంది. కొలతలు ఎందుకు తప్పాయో అర్థంకాక ప్రోగ్రాం మీద అనుమానపడతారు. ముతక కోత ఎక్కువ టార్క్ మీద పూర్తిచేసి, వైస్ వదులు చేసి, తక్కువ టార్క్‌తో మళ్ళీ బిగించి చివరి సన్నని కోత వేయడం దీనికి మందు.

దవడ పైకి లేవడం

కదిలే దవడకు స్క్రూ బలం కింద తగులుతుంది, ముక్క పైన ఉంటుంది. ఈ తేడా వల్ల బిగించేకొద్దీ దవడ వెనక్కి వాలి ముక్కను కాస్త పైకి లేపుతుంది. లేచేది వెంట్రుకలో సగమే కావచ్చు, కానీ బేరింగ్ కూర్చునే చోట అది చాలు. అమెరికాలోని కర్ట్ సంస్థ యాంగ్లాక్ అనే అమరికతో దీనికి దారి చూపింది. స్క్రూ నట్టు ఏటవాలు ముఖంతో, అర్ధగోళం గుండా దవడను నెట్టడం వల్ల ముందుకు నెట్టే బలంలో కొంత కిందికి లాగే బలంగా మారుతుంది. ఇప్పుడు చాలా దేశాల వైస్‌లు ఇదే సూత్రాన్ని అనుసరిస్తున్నాయి. అయినా ముక్కను ప్యారలల్స్ మీద, అంటే ఒకే ఎత్తున్న ఉక్కు పట్టీల జత మీద పెట్టి, బిగించాక రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి, ఆ పట్టీలు వేలితో కదులుతున్నాయేమో చూడటం మానకూడదు. కదిలితే ముక్క ఇంకా కూర్చోలేదన్నమాట.

పోత ఇనుప భాగాలు పట్టే తీరు

మగ్గం భాగాలలో ఎక్కువ శాతం పోత ఇనుమువే గనుక ఈ విషయం కాస్త విపులంగా చెప్పుకోవాలి. పోత ముక్క పక్కలు గరుకుగా ఉంటాయి, పైగా అచ్చు నుంచి తీయడానికి వీలుగా కొంచెం ఏటవాలుగా ఉంటాయి. రెండు చదునైన దవడల మధ్య అటువంటి ముక్క నిజానికి ఒకటి రెండు బిందువుల మీదే ఆగుతుంది. బిగించినట్టే ఉంటుంది, కట్టర్ తగలగానే తిరుగుతుంది.

మొదటి కోతకు పళ్ళున్న దవడ పలకలు వాడాలి. వాటి పళ్ళు లోహంలోకి దిగుతాయి గనుక పట్టు కేవలం ఘర్షణ మీద ఆధారపడదు. పళ్ళ గుర్తులు పడిన అంచును తరువాతి కోతలో తీసివేయాలి, కాబట్టి ముడి ముక్కలో ఆ మేరకు మిగులు ఉంచుకోవాలి. ఉక్కు ముక్కలకు ముందే గుర్తులు నొక్కి, కేవలం మూడు నాలుగు మి.మీ. పట్టుతో నిలబెట్టే పద్ధతి కూడా ఉంది. పెళుసైన పోత ఇనుముకు అది తగదు, అంచు చిట్లుతుంది.

మొదటి ముఖం చదునయ్యాక, ఆ ముఖాన్ని స్థిర దవడకు ఆనించాలి. కదిలే దవడకూ ముక్కకూ మధ్య ఒక గుండ్రటి కడ్డీని అడ్డంగా, ముక్క ఎత్తులో నడిమికి పెట్టాలి. కదిలే వైపు ముఖం ఎంత వంకరగా ఉన్నా కడ్డీ ఒకే గీత మీద నొక్కుతుంది. కోసిన ముఖం స్థిర దవడకు పూర్తిగా అతుక్కుంటుంది. ఇప్పుడు పైముఖం కోస్తే అది మొదటి ముఖానికి లంబంగా వస్తుంది. ముక్కను తిప్పి, కోసిన రెండో ముఖాన్ని ప్యారలల్స్ మీద కూర్చోబెట్టి మూడోది కోయాలి. మూడో ముఖం రెండోదానికి సమాంతరంగా వస్తుంది. నాలుగోది కోసేటప్పుడు రెండు పక్కలూ చదునై ఉంటాయి గనుక కడ్డీ అక్కరలేదు. ముసలి ఫిట్టర్లు చేత్తో మిల్లింగ్ చేసే రోజుల నుంచి వాడుతున్న ఉపాయమిది. సి.ఎన్.సి. వచ్చాక కుర్రవాళ్ళు దీన్ని మరిచి, కొలత తప్పిన ముక్కలను తూకానికి అమ్ముకుంటున్నారు.

బ్రాకెట్ వంటి వంకర ఆకారాలకు అల్యూమినియం మెత్తని దవడలు ఉత్తమం. వీటిని వైస్‌కు బిగించి, ఆ యంత్రం మీదే భాగం ఆకారంలో గుంట కోసుకోవాలి. కోసేటప్పుడు దవడలు ఖాళీగా ఉండకూడదు. కోత తగలని కింది భాగంలో ఒక ముక్కను పెట్టి, అసలు పనిలో వాడే టార్క్‌తోనే బిగించి కోయాలి. అలా చేస్తేనే దవడల ఆట ముందుగానే తీరిపోయి, తరువాత గుంట సరిగ్గా నడుమకు వస్తుంది. గుంట మూలల్లో చిన్న రంధ్రం వేసి వదలాలి, లేకపోతే ముక్క మూల అక్కడ ఆగి అడుగు తాకదు. పని అయ్యాక దవడల మీద భాగం పేరు, ఎడమ కుడి గుర్తు పంచ్‌తో వేసి దాచుకుంటే మరుసటి ఆర్డరుకు మళ్ళీ పనికి వస్తాయి. షాఫ్టుల వంటి గుండ్రటి వాటికి V గాడి దవడ ఒకటి చాలు.

డయల్ పట్టడం

వైస్‌ను టేబుల్ మీద పెట్టి బోల్టులు సగం బిగించి, 0.01 మి.మీ. డయల్ గేజ్‌ను స్పిండిల్‌కు తగిలించి, స్థిర దవడ ముఖం మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడపాలి. ముల్లు ఒక గీతకు మించి కదలకుండా చూసుకుని బోల్టులు పూర్తిగా బిగించి, మరొకసారి నడపాలి. బిగించేటప్పుడు వైస్ తిరుగుతుంది, అందుకే రెండోసారి. కదిలే దవడ మీద డయల్ పట్టడం వృథా శ్రమ.

నూలు దుమ్ము, వానకాలం, పిల్లలు

సాంచాల షెడ్డు పక్కనే యంత్రం పెట్టిన చోట గాలిలో తేలే నూలు దుమ్ము నూనె తడి మీద వాలి దవడ పలకల వెనక, స్క్రూ మరలలో మెత్తగా చేరుతుంది. పలక వెనక చేరిన పల్చటి పొరైనా దవడను వంకర చేస్తుంది. వారానికి ఒకసారి పలకలు విప్పి తుడవాలి, స్క్రూ బయటకు తీసి పాత గ్రీజు కడిగి కొత్తది రాయాలి. గాలి గొట్టంతో ఊదితే చెత్త లోపలికి పోతుంది, కళ్ళలోకి కూడా. కుంచెతో తీయడమే సరి. భివండీ కొంకణ్ తేమలో ఉన్న ఊరు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు రాత్రి పని ఆపేముందు దవడలకు, పడకకు తుప్పు పట్టకుండా నూనె రాయకపోతే తెల్లవారేసరికి ఎర్రటి మచ్చలు కనిపిస్తాయి.

వైస్ హ్యాండిల్‌ను దానికే తగిలించి స్టార్ట్ బటన్ నొక్కడం ఈ పనిలో జరిగే ప్రమాదాలలో బాగా తెలిసినది. టేబుల్ కదలగానే హ్యాండిల్ తలుపుకో స్పిండిల్‌కో తగులుతుంది. చేతికి తొడుగులు వేసుకుని తిరిగే కట్టర్ దగ్గరకు పోకూడదు. ఇల్లూ షాపూ ఒకే గోడకు ఇటూ అటూ ఉన్న కుటుంబాలలో పిల్లలు నాన్నకు టీ తెచ్చి యంత్రం పక్కన నిలబడటం మామూలు. తలుపు లాక్‌ను తొలగించి నడిపే యంత్రం దగ్గరకు పిల్లలను రానివ్వకూడదు. అసలు ఆ లాక్ తొలగించనే కూడదు.

శిక్షణ, కొనుగోలు

ఈ పని క్రమంగా నేర్చుకోదలచిన యువకులకు హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. అక్కడ జిగ్‌లు, ఫిక్చర్ల రూపకల్పన, అంటే భాగాన్ని పట్టే విద్య, ప్రత్యేకంగా బోధిస్తారు. మహారాష్ట్ర వైపు ఉన్నవారికి ఛత్రపతి శంభాజీనగర్‌లోని ఇండో జర్మన్ టూల్ రూమ్ దగ్గర. ఐ.టి.ఐ.లో మెషినిస్ట్ లేదా టర్నర్ చదివినవారికి ఈ రెండు చోట్లా పాఠాలు తేలికగా అందుతాయి.

ముంబయిలో నాగ్‌దేవి వీధి పనిముట్ల బజారుగా పేరుపొందింది. అక్కడైనా మరెక్కడైనా పాత వైస్ కొనేవారు డయల్ గేజ్ వెంట తీసుకువెళ్ళాలి. పడక మీద డయల్ నడిపి గుంటలు, డ్రిల్ గుర్తులు చూడాలి. ఒక చదునైన దిమ్మెను దవడల మధ్య పెట్టి, కదిలే దవడ పైన డయల్ ముల్లు ఆనించి, బిగించాలి. ముల్లు 0.05 మి.మీ. దాటి కదిలితే ధర ఎంత తగ్గించినా ఆ వైస్ వద్దు. స్క్రూను వదులు చేసి ముందుకు వెనక్కు తిప్పితే పావు చుట్టుకు పైగా ఖాళీగా తిరిగితే నట్టు అరిగింది, దాని విడిభాగం దొరుకుతుందో లేదో అడిగాకే బేరం మొదలుపెట్టాలి.